రూట్ డిస్క్‌కి జోడు

1990ల చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ అమ్మిన ఎంటర్‌ప్రైజ్ 220ఆర్ సర్వర్ లోపల రెండే రెండు డిస్కులకు చోటుండేది. దాని అన్న 420ఆర్‌లోనూ అంతే. ఆ సర్వర్ల మీద నడిచే డేటాబేసులు వందల గిగాబైట్లు ఉండొచ్చు గాని వాటి కాపురం వేరు. అవి పక్కనుండే నిలువెత్తు స్టోరేజీ పెట్టెలో ఉండేవి. లోపలి రెండు డిస్కుల్లో ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్‌కి, రెండోది దాని నకలుకి. కొన్న చోటులో సరిగ్గా సగం నకలుకే పోతోందని తెలిసినా, కొనేవాళ్లెవరూ ఆ రెండో డిస్క్ ఎందుకని అడిగేవారు కాదు.

ఎందుకు అడగరంటే, ఆ పెద్ద స్టోరేజీ పెట్టె మీద అప్పటికే కంపెనీలు కోట్లు పోసి ఉండేవి. ఈఎంసీ 1990లో తెచ్చిన సిమ్మెట్రిక్స్ లాంటి వాటిలో ఒక డిస్క్ పోయినా డేటాకి ఢోకా లేకుండా ఏర్పాట్లన్నీ లోపలే ఉన్నాయి. తీరా సర్వర్‌లోని ఒక్క మామూలు డిస్క్ చచ్చిపోతే డేటా క్షేమంగానే ఉంటుంది, దాన్ని చేరే దారే ఉండదు. సీడీ పెట్టి సిస్టమ్ మళ్లీ ఎక్కించాలి, ప్యాచ్‌లు వేయాలి, టేపు వెతకాలి, యూజర్లనూ సెట్టింగులనూ వెనక్కి తేవాలి. అంతా సవ్యంగా జరిగితే ఒక పూట. టేపు మొరాయిస్తే ఎన్ని పూటలో ఎవరూ చెప్పలేరు. అందుకే కొత్త యూనిక్స్ సర్వర్ చేతికొచ్చిన రోజునే చేసే పనుల్లో రూట్ డిస్క్ మిర్రరింగ్, అంటే సిస్టమ్ డిస్క్‌కి నకలు పెట్టడం, చేరిపోయింది.

చెప్పడానికి చిన్న పనే. రాసేదేదైనా రెండు చోట్లా రాయాలి, అంతే. అయినా ఈ చిన్న పనికి ప్రతి యూనిక్సూ తనదైన తిప్పలు పడింది. ఆ తిప్పలన్నిటికీ మూలం ఒక్కటే: రెండు నకళ్లున్నాయని తెలిసిన సాఫ్ట్‌వేర్ కూడా ఆ డిస్కుల మీదే ఉంటుంది. తాళంచెవి లోపల పెట్టి తలుపు మూసుకున్నట్టు, మెషీన్ లేచేదాకా ఆ సాఫ్ట్‌వేర్ లేవదు, అది లేచేదాకా మిర్రర్ అన్నదే లేదు. డేటా డిస్కులకు ఈ బెడద లేదు. వాటి సంగతి చూసేవేళకి సిస్టమ్ ఎప్పుడో లేచి కూర్చుని ఉంటుంది.

జంట డిస్కుల ఆలోచన యూనిక్స్‌ది కాదు. హ్యూలెట్ ప్యాకార్డ్ నుంచి బయటికొచ్చిన జిమ్మీ ట్రైబిగ్ 1974లో కాలిఫోర్నియాలో టాండెమ్ కంప్యూటర్స్ పెట్టాడు. 1976లో మొదటి నాన్‌స్టాప్ మెషీన్ సిటీబ్యాంక్‌కి వెళ్లింది. అందులో ప్రాసెసర్లూ జంటే, వాటిని కలిపే దారులూ జంటే, డిస్కులూ జంటే. ఏ ఒక్క ముక్క పాడైనా లావాదేవీ ఆగకూడదన్నది వాళ్ల పట్టు. అదే కంపెనీలో పనిచేసిన జిమ్ గ్రే 1985లో కంప్యూటర్లు అసలెందుకు ఆగిపోతాయని లెక్కతీస్తూ ఒక నివేదిక రాశాడు. హార్డ్‌వేర్ వాటా 18 శాతమే తేలింది. సాఫ్ట్‌వేర్‌ది 25. సిస్టమ్‌ని చూసుకునే మనుషుల చేతి పొరపాట్లు, మరమ్మతు వేళ తప్పిదాలు కలిపితే 42 శాతం. అన్నీ జంటగా పెట్టి హార్డ్‌వేర్‌ని గెలిచాక మిగిలేది మనిషేనన్నమాట. రూట్ డిస్క్ విషయంలో ఆ మాట ఎంత నిజమో ముందుముందు తెలుస్తుంది.

ఆ రోజుల్లో యూనిక్స్‌కి ఈ గొడవ పట్టలేదు. 1974లో డెన్నిస్ రిచీ, కెన్ థాంప్సన్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో బెల్ ల్యాబ్స్‌లోని తమ పీడీపీ-11 మెషీన్ సంగతులు చెప్పారు. ఒక మెగాబైటు స్థిర డిస్క్ ఒకటి, తీసి పెట్టగలిగే 2.5 మెగాబైట్ల కార్ట్రిడ్జిలు పట్టే డ్రైవులు నాలుగు. కెర్నెల్ దృష్టిలో ఏ డిస్క్‌కి ఆ డిస్కే. రెంటినీ కలిపి ఒక్కటిగా చూపించే పొర మధ్యలో ఏదీ లేదు. పరిశోధన శాలకి అది చాలు. మెషీన్ ఒక రోజు ఆగితే వ్యాసం ఒక రోజు ఆలస్యమవుతుంది. యూనిక్స్ బ్యాంకుల్లోకీ టెలిఫోన్ కంపెనీల్లోకీ నడిచివచ్చాక గాని ఆ పొర అవసరం రాలేదు.

ఆ అవసరానికి పేరూ ఊరూ 1988లో వచ్చాయి. బర్క్‌లీలోని డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఆ ఏడాది షికాగోలో జరిగిన సిగ్‌మాడ్ సదస్సులో రెయిడ్ వ్యాసం చదివారు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ డిస్క్ 3380 స్థానంలో పర్సనల్ కంప్యూటర్లకు వాడే చవక డిస్కులు వంద పెడితే ఎలా ఉంటుందన్నది వాళ్ల ప్రశ్న. వేగం బ్రహ్మాండంగా ఉంటుంది. కాని ఒక్కో డిస్క్ సగటు ఆయుష్షు 30,000 గంటలనుకుంటే, వందలో ఏదో ఒకటి పోవడానికి పట్టే సగటు కాలం 300 గంటలే, అంటే రెండు వారాలు కూడా కాదు. దీనికి విరుగుడుగా వాళ్లు అయిదు అంచెలు వివరించారు. మొదటి అంచె మిర్రరింగ్. అది అప్పటికే వాడుకలో ఉన్నదేననీ, అన్నిటికన్నా ఖరీదైనదనీ చెప్పి, తక్కువ ఖర్చులో పనయ్యే మిగతా అంచెల వైపు నడిచారు. చమత్కారమేమిటంటే, ఆపరేటింగ్ సిస్టమ్ డిస్క్ దగ్గర మాత్రం ఆ ఖరీదైన మొదటి అంచే నిలిచింది. కారణం పొదుపు కాదు. మిర్రర్‌లోని ఒక్కో సగం తనంతట తాను పూర్తి డిస్క్. మిర్రర్ గురించి ఓనమాలు తెలియని బూట్ ప్రోగ్రామ్ కూడా అందులో ఏదో ఒకదాన్ని పట్టుకుని చదువుకోగలదు. పారిటీతో అయిదారు డిస్కుల మీద ముక్కలుగా పరిచిన డేటా విషయంలో అది కుదరదు.

యూనిక్స్‌లో ఆ మధ్య పొరని పునాది నుంచే కట్టింది ఐబీఎం. 1990లో ఆర్ఎస్/6000 మెషీన్లతో వచ్చిన ఏఐఎక్స్ 3లో లాజికల్ వాల్యూమ్ మేనేజర్ విడిగా కొనుక్కునే వస్తువు కాదు. అది లేకుండా డిస్క్ మీద అడుగు పెట్టే దారే లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే డిస్కుల గుంపు పేరు రూట్‌వీజీ. అందులో రూట్‌కి ఒక వాల్యూమ్, యూఎస్ఆర్‌కి ఒకటి, పేజింగ్‌కి ఒకటి, లాగ్‌కి ఒకటి, బూట్ ఇమేజ్‌కి ఒకటి. ప్రతిదానికీ రెండు గాని మూడు గాని నకళ్లు పెట్టుకోవచ్చు. మొదట్లో ఒక్కోదానికీ విడివిడిగా కమాండ్ ఇవ్వాలి. ఒకటి మరిచిపోతే డిస్క్ పోయిన రోజు ఆ ఒక్కటే కొంప ముంచుతుంది. మొత్తం గుంపుని ఒక్క దెబ్బతో మిర్రర్ చేసే మిర్రర్‌వీజీ కమాండ్ 4.2.1 వెర్షన్‌లో గాని రాలేదు. అది వచ్చాక కూడా, రెండో డిస్క్ మీద బూట్ ఇమేజ్ రాయడానికి బాస్‌బూట్, ఏ డిస్క్ తర్వాత ఏది ప్రయత్నించాలో చెప్పడానికి బూట్‌లిస్ట్ చేత్తో కొట్టాల్సిందే. అడ్మిన్లు ఈ మూడింటినీ ఒక్క ఊపిరిలో వల్లించేవారు.

ఏఐఎక్స్‌లో అసలు పేచీ కోరమ్ దగ్గర ఉండేది. గుంపులో ఏ డిస్కులున్నాయి, ఏది ఎక్కడుందన్న చిట్టాని ప్రతి డిస్క్ మీదా రాస్తారు. ఆ చిట్టా పేరు వీజీడీఏ. మొత్తం చిట్టాల్లో సగానికి మించి అందుబాటులో ఉంటేనే గుంపు బతికున్నట్టు లెక్క. మూడు డిస్కులుంటే ఒక్కోదాని మీద ఒకటి, కాబట్టి ఒకటి పోయినా మెజారిటీ మిగులుతుంది. రెండే డిస్కులైతే? మొదటి దాని మీద రెండు చిట్టాలు, రెండో దాని మీద ఒకటి. రెండోది పోతే ఏ బాధా లేదు, మూడింట రెండు మిగిలే ఉన్నాయి. మొదటిది పోతే మిగిలేది మూడింట ఒకటి. కోరమ్ లేదు. డేటా మొత్తం రెండో డిస్క్ మీద పదిలంగా ఉండగానే సిస్టమ్ చేతులెత్తేస్తుంది. నూటికి నూరు శాతం అదనపు డిస్క్ కొని సగం ప్రమాదాల నుంచే రక్షణ తెచ్చుకున్నట్టయింది. మిర్రర్ పెట్టినవాళ్లు రూట్‌వీజీకి కోరమ్ తీసేయాలన్న సూత్రం అందుకే పుట్టింది. తర్వాత మిర్రర్‌వీజీ కమాండే దాన్ని తీసేయడం మొదలుపెట్టింది. అయితే కోరమ్ తీసింది అమల్లోకి రావాలంటే పాత వెర్షన్లలో మెషీన్‌ని ఒకసారి రీబూట్ చేయాలి. అది చేయడానికి డౌన్‌టైమ్ దొరక్క నెలల తరబడి అలాగే వదిలేసిన సర్వర్ల దగ్గరకే జిమ్ గ్రే 42 శాతం వచ్చి కూర్చుంటుంది.

ఇంత తిరకాసు లెక్క ఎందుకని తిట్టుకోవడం తేలిక. దాని వెనక న్యాయమైన భయమే ఉంది. సోమవారం మొదటి డిస్క్ మూలుగుతూ ఆగిపోయిందనుకుందాం. సిస్టమ్ రెండో దాని మీద శుక్రవారం దాకా నడిచింది. ఆ రాత్రి కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి తారుమారైంది. మొదటి డిస్క్ ఎలాగో లేచింది, రెండోది లేవలేదు. ఇప్పుడు లేచిన డిస్క్‌కి సోమవారం తర్వాత జరిగిందేదీ తెలియదు. తనలో ఉన్నదే లోకమనుకుని అది సర్వర్‌ని నడిపించేస్తే నాలుగు రోజుల పని మాయమై, దాని మీద కొత్త పని పేరుకుంటుంది. మెజారిటీ అడగడం ఆ మొండితనాన్ని ఆపడానికి. ఇద్దరే ఓటర్లున్న చోట మెజారిటీ ఎలా తేలుతుందన్న ప్రశ్నకి మాత్రం ఎవరి దగ్గరా చక్కని జవాబు లేదు.

సన్ వాళ్లు దీన్ని ఇంకో రకంగా తేల్చారు, లేదా తేల్చకుండా వదిలారు. వాళ్ల మిర్రరింగ్ సాఫ్ట్‌వేర్ డిస్క్‌సూట్, మొదట ఆన్‌లైన్ డిస్క్‌సూట్‌గా, తర్వాత సాల్‌స్టిస్ డిస్క్‌సూట్‌గా ఉండి, 2002లో వాళ్ల యూనిక్స్ అయిన సొలారిస్ 9లో కలిసిపోయి సొలారిస్ వాల్యూమ్ మేనేజర్ అయింది. అందులో చిట్టాల పేరు స్టేట్ డేటాబేస్ నకళ్లు. డిస్క్‌లో ఒక చిన్న భాగాన్ని, అంటే స్లైస్‌ని, ఆనవాయితీగా ఏడో నంబరుదాన్ని, వాటికోసం విడిచిపెట్టేవారు. డిస్క్‌కి మూడు చొప్పున ఆరు నకళ్లు. నడుస్తున్న సిస్టమ్‌కి సగం మిగిలితే చాలు, ఒక డిస్క్ పోయినా పని సాగుతుంది. లేచే సిస్టమ్‌కి మాత్రం సగం కన్నా ఒకటి ఎక్కువ కావాలి. అంటే పగలు డిస్క్ పోతే ఎవరికీ తెలియకుండా బండి నడుస్తుంది. రాత్రి ఎవరో రీబూట్ చేస్తే సింగిల్ యూజర్ దగ్గర ఆగిపోయి, చచ్చిన డిస్క్ మీది నకళ్లను చేత్తో తీసేయమంటుంది. ఆ కబురు తెల్లవారుజామున మూడింటికి అందుకున్నవాళ్లు ఈటీసీ సిస్టమ్ ఫైల్లో మిర్రర్డ్ రూట్ ఫ్లాగ్ అనే ఒక్క లైను చేర్చి, సగంతోనే లేవమని దానికి నచ్చజెప్పడం నేర్చుకున్నారు.

సొలారిస్‌లో రూట్ మిర్రర్ చేసే క్రతువులో వరస ముఖ్యం. మొదట ఒక డిస్క్ విభజన పట్టికని తీసి పైపు ద్వారా రెండో దాని మీద అచ్చు గుద్దాలి. ఈ పనికి పీఆర్‌టీవీటాక్, ఎఫ్ఎంటీహార్డ్ అనే జంట కమాండ్లు. పొరపాటున వరస తిరగబడి ఖాళీ డిస్క్ పట్టిక అసలుదాని మీద పడితే ఇక చెప్పేదేముంది. తర్వాత నకళ్లు. ఆ తర్వాత ఇప్పుడు వాడుకలో ఉన్న రూట్ స్లైస్‌ని డీ10 అనే సబ్‌మిర్రర్‌గా ప్రకటించాలి. ఆ స్లైస్ మౌంటయి ఉంది కాబట్టి మెటాఇనిట్ ఒప్పుకోదు, బలవంతపు ఆప్షన్ ఇవ్వాలి. రెండో డిస్క్ స్లైస్ డీ20. అప్పుడు డీ10 ఒక్కదానితో డీ0 అనే మిర్రర్. ఒక్క కాలున్న మిర్రర్ అన్నమాట. మెటారూట్ కొడితే అది వీఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లోనూ సిస్టమ్ ఫైల్లోనూ రూట్ చిరునామా మార్చేస్తుంది. ఇప్పుడు రీబూట్. తిరిగి లేచాక గాని మెటాఅటాచ్‌తో డీ20ని కలపకూడదు. తొందరపడి ముందే కలిపితే, కెర్నెల్ ఇంకా పాత చిరునామా మీదే, మిర్రర్‌ని దాటుకుని మొదటి డిస్క్ మీద రాస్తూ ఉంటుంది, రెండో దానికి ఆ కబురు అందదు. రెండు సగాలూ ఒకటేనని సిస్టమ్ నమ్ముతుంది గాని అవి ఒకటి కావు.

ఆ నమ్మకం ఎంత చేటో చెప్పడానికి పాస్‌వర్డ్ మరిచిన కేసు చాలు. రూట్ పాస్‌వర్డ్ పోతే సొలారిస్‌లో అందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది. సీడీ నుంచి బూట్ చేసి, రూట్ స్లైస్‌ని మౌంట్ చేసి, పాస్‌వర్డ్‌లుండే షాడో ఫైల్లో రూట్ పాస్‌వర్డ్ ముక్క చెరిపి, రీబూట్ చేయడం. మిర్రర్ ఉన్న మెషీన్ మీద ఇదే చేస్తే మార్పు ఒక్క సగంలోనే జరుగుతుంది. సీడీలోని సిస్టమ్‌కి అది మిర్రర్‌లో భాగమని తెలియదు. తిరిగి లేచాక మిర్రర్ సాఫ్ట్‌వేర్‌కి మధ్యలో ఎవరో వేలు పెట్టారని తెలియదు. డిస్క్‌సూట్ మామూలుగా చదువులను రెండు డిస్కులకూ వంతులవారీగా పంచుతుంది. దాంతో ఒక చదువుకి కొత్త షాడో ఫైలు వస్తే, ఇంకో చదువుకి పాతది రావచ్చు. ఒకసారి ఖాళీ పాస్‌వర్డ్ పనిచేస్తుంది, ఇంకోసారి చేయదు. ఇది తేలికపాటి సంగతి. సీడీ నుంచి ఎఫ్ఎస్‌సీకే నడిపి ఫైల్ సిస్టమ్‌ని ఒక పక్కనే మరమ్మతు చేస్తే, రెండు పొంతనలేని డిస్కుల నుంచి బ్లాకులు మారిమారి వచ్చి మొత్తం చెడిపోతుంది. వచ్చిన కష్టం కన్నా చేసిన వైద్యం పెద్ద కష్టమైన సందర్భం ఇది.

వెరిటాస్ వాల్యూమ్ మేనేజర్ వాడినవాళ్ల బాధ వేరు. 1983లో టాలరెంట్ సిస్టమ్స్‌గా మొదలై తర్వాత పేరు మార్చుకున్న ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ డేటా డిస్కుల దగ్గర రారాజు. రూట్ డిస్క్ దగ్గరకొచ్చేసరికి, అప్పటికే సిస్టమ్ ఎక్కి ఉన్న డిస్క్‌ని ఉన్నపళంగా తన గొడుగు కిందికి తెచ్చుకోవాలి. దీన్నే ఎన్‌క్యాప్సులేషన్ అనేవారు. అందుకు రెండు ఖాళీ స్లైస్ నంబర్లు, తన చిట్టా రాసుకోవడానికి కాస్త చోటు కావాలి. చోటు లేకపోతే స్వాప్ నుంచి కోసుకునేది. దాంతో అసలు డిస్క్ అతుకులబొంతలా తయారై, రెండో డిస్క్ మీది నకలు మాత్రం శుభ్రంగా ఉండేది. అనుభవజ్ఞులు ఒక ఎత్తు వేసేవారు: నకలు పూర్తయ్యాక అసలు డిస్క్‌ని మిర్రర్ నుంచి తీసేసి, ఖాళీ చేసి, నకలుకి నకలుగా మళ్లీ కలపడం. ఈ ఒక్క బూట్ డిస్క్ గురించే జాన్ హోవార్డ్, డేవిడ్ డీత్స్ సన్ బ్లూప్రింట్స్ వరసలో ఏకంగా ఒక పుస్తకం రాశారంటే వ్యవహారం ఎంత ముదిరిందో ఊహించుకోవచ్చు.

హ్యూలెట్ ప్యాకార్డ్ యూనిక్స్ అయిన హెచ్‌పీ-యూఎక్స్‌లో మిర్రరింగ్‌కి మిర్రర్‌డిస్క్/యూఎక్స్ అనే విడి సరుకు కొనాలి. అక్కడా రెండో డిస్క్ మీద బూట్ భాగం ఎంకేబూట్‌తో రాసి, కోరమ్ పట్టించుకోకుండా లేవమని ఎల్‌క్యూ అనే రెండక్షరాలు ఆటో ఫైల్లో పెట్టాలి. మిగతాదంతా ఏఐఎక్స్ కథే, యాస మార్చుకుని.

2000ల తొలి ఏళ్లలో హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో సొలారిస్, ఏఐఎక్స్, వెరిటాస్ అడ్మినిస్ట్రేషన్ కోర్సుల బోర్డులు వేలాడిన కాలం ఉంది. ఆ కోర్సుల్లో రూట్ మిర్రరింగ్ ఒక తప్పనిసరి పాఠం. ఇంటర్వ్యూల్లోనూ అది ఖాయంగా ఎదురయ్యే ప్రశ్నే. కుర్రాళ్లు కమాండ్లన్నీ గడగడా అప్పజెప్పేవారు. మెటాఅటాచ్‌కి ముందు రీబూట్ ఎందుకని అడిగినప్పుడు తేలేది ఎవరికి పని వచ్చో, ఎవరికి పాఠం వచ్చో. అమెరికా కంపెనీల సర్వర్లకు శనివారం రాత్రి దొరికే డౌన్‌టైమ్ ఇక్కడ ఆదివారం ఉదయం. మిర్రర్లు విడదీయడం, ప్యాచ్‌లు వేయడం, మళ్లీ కలపడం అనే తతంగం అలా ఎందరో తెలుగు ఇంజినీర్ల ఆదివారాలను తినేసింది.

విడదీయడం అన్న మాటకి కాస్త వివరణ కావాలి. డిస్క్ చచ్చిపోతే ఆదుకోవడానికి పెట్టిన మిర్రర్‌ని అడ్మిన్లు అంతకన్నా ఎక్కువగా ఇంకో పనికి వాడారు. ప్యాచ్ వేసే ముందు రెండో డిస్క్‌ని మిర్రర్ నుంచి తప్పించి పక్కన పెట్టేవారు. ప్యాచ్ వికటిస్తే దాని నుంచి లేచి, నిన్నటి సిస్టమ్‌లోకి వెళ్లిపోవచ్చు. డిస్క్‌సూట్‌లో అయితే తప్పించిన సగంలోని వీఎఫ్‌ఎస్‌ట్యాబ్, సిస్టమ్ ఫైళ్లను మామూలు స్లైస్ చిరునామాలకి మార్చి పెట్టుకోవాలి, లేకపోతే అది లేచి తిరిగి మిర్రర్ కోసమే వెతుక్కుంటుంది. ఏఐఎక్స్ వాళ్లు మిర్రర్ తీసేసి, ఖాళీ అయిన డిస్క్ మీదికి ఆల్ట్ డిస్క్ ఇన్‌స్టాల్‌తో రూట్‌వీజీ మొత్తాన్నీ కాపీ చేసుకునేవారు. ఇదంతా ఎందుకంటే, మిర్రర్‌కి మంచీ చెడూ తెలియవు. తప్పుగా చెరిపేసిన ఫైలు రెండు చోట్లా ఒకేసారి చెరిగిపోతుంది, చెడ్డ ప్యాచ్ రెండు చోట్లా శ్రద్ధగా ఎక్కుతుంది. విడదీసి ఉంచిన ఆ ఒకటి రెండు రోజులూ సర్వర్ ఒంటి డిస్క్ మీద నడుస్తుందన్నదీ, తర్వాత కలపడం మరిచిపోయేవాళ్లు తక్కువేమీ కాదన్నదీ ఈ అలవాటుకి వెనక చెల్లించిన మూల్యం.

లినక్స్ పుట్టుకతోనే పీసీ బిడ్డ. పీసీని లేపే బయాస్‌కి డిస్క్ మొదటి సెక్టార్ చదవడం తప్ప ఇంకేమీ రాదు. అందుకని ఎండీ అనే మిర్రర్ డ్రైవర్ రాసినవాళ్లు చిన్న యుక్తి పన్నారు. మిర్రర్ వివరాలను పార్టిషన్ చివర దాచారు. ముందునుంచి చదువుకొచ్చే బూట్‌లోడర్‌కి అది మామూలు ఫైల్ సిస్టమ్‌లాగే కనిపిస్తుంది. కెర్నెల్ లేచాక చివర చూసి మిర్రర్ సంగతి గ్రహిస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో పావెల్ యాకుబ్ డావిడెక్ రాసిన జీమిర్రర్, 2004లో 5.3తో వచ్చింది, అదీ చివరి సెక్టార్‌నే వాడుకుంది. లినక్స్‌లో ఎండీ మిర్రర్లు కట్టడానికి నీల్ బ్రౌన్ 2001లో మొదలుపెట్టిన ఎండీఏడీఎం తర్వాతి కాలంలో కొత్త ఫార్మాట్‌కి మారి వివరాలను ముందుభాగానికి జరిపింది. మిర్రర్ భాగాన్ని మామూలు డిస్క్‌గా పొరబడే ప్రమాదం దానితో తగ్గింది. కాని ఇప్పటికీ ఆ ఫార్మాట్‌లో మిర్రర్ కట్టబోతే, వివరాలు మొదట్లో ఉన్నాయి, ఇది బూట్ డిస్క్‌గా పనికిరాకపోవచ్చు, ముందుకెళ్లమంటారా అని ఆగి అడుగుతుంది. పాతికేళ్ల పేచీ ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంది.

డిస్క్ పోయిందన్న కబురు చెప్పడంలో మాత్రం అందరూ పొదుపరులే. సొలారిస్ మెటాస్టాట్‌లో మరమ్మతు కావాలని ఒక ముక్క కనిపిస్తుంది. లినక్స్ ఎండీస్టాట్‌లో పక్కపక్కన ఉండాల్సిన రెండు ‘యూ’ అక్షరాల్లో ఒకదాని చోట కింది గీత వస్తుంది. అంతే. రోజూ దాన్ని చూసే స్క్రిప్టు లేకపోతే సర్వర్ హాయిగా నడుస్తూనే ఉంటుంది, రెండో డిస్క్ కూడా పోయేదాకా.

ఆ రెండోది ఎప్పుడు పోతుందన్న లెక్కలో రెయిడ్ వ్యాసకర్తల నాటి నుంచీ ఒక ఊహ ఉంది: డిస్కుల చావులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని. ఆ ముగ్గురిలో ఒకరైన గార్త్ గిబ్సనే 2007లో బియాంకా ష్రోడర్‌తో కలిసి దాదాపు లక్ష డిస్కుల రికార్డులు తిరగేసి ఆ ఊహకి గండి కొట్టాడు. కంపెనీల కాగితాల ప్రకారం ఏడాదికి ఒక శాతం కూడా పోకూడదు. నిజంగా మార్చిన డిస్కులు మామూలుగా 2 నుంచి 4 శాతం, కొన్ని చోట్ల 13 శాతం దాకా. పోయేవి విడివిడిగా కాక దగ్గరదగ్గరగా పోతున్నాయని కూడా తేలింది. మిర్రర్‌కి ఇది నేరుగా తగిలే దెబ్బ. ఒకే రోజు కొన్న, ఒకే కార్టన్‌లో వచ్చిన, ఒకే క్షణం స్విచ్ వేసిన రెండు డిస్కులు అవి.

దీనికి పరాకాష్ఠ 2019 నవంబర్‌లో వచ్చింది. కొన్ని ఎస్ఎస్‌డీ మోడళ్లు 32,768 గంటలు నడిచిన క్షణాన పనిచేయడం మానేస్తాయని, వాటిలోని డేటా ఇక తిరిగి రాదని హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ (హెచ్‌పీఈ) ప్రకటించింది. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. 32,768 అంటే రెండుకి పదిహేనో ఘాతం. ఫర్మ్‌వేర్‌లో గంటలు లెక్కపెట్టే డబ్బా అక్కడ నిండిపోయింది. కొత్త ఫర్మ్‌వేర్ వేయని సర్వర్‌లో మిర్రర్‌లోని రెండు డిస్కులూ ఒకే గంటలో పోతాయి. మరుసటి మార్చిలో మరి కొన్ని మోడళ్లకి ఇలాంటిదే 40,000 గంటల గడువు బయటపడింది.

అంతకు చాలా ముందే సన్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆహ్రెన్స్ బృందం కట్టిన జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఓట్ల లెక్కని పక్కన పెట్టి అసలు ప్రశ్నకే జవాబు వెతికింది. రెండు సగాలూ విభేదిస్తే ఏది నిజం? ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ కట్టి, దాన్ని ఆ బ్లాకు దగ్గర కాక పైనుండి దాన్ని చూపించే బ్లాకులో దాస్తే, ఏ సగం అబద్ధమాడుతోందో చదవగానే తెలిసిపోతుంది. మంచి సగం నుంచి తెచ్చి చెడ్డదాన్ని అక్కడికక్కడే సరిచేస్తుంది. 2005లో ఓపెన్‌సొలారిస్‌లో బయటికొచ్చిన జెడ్ఎఫ్ఎస్ మీద రూట్ పెట్టుకునే వీలు 2008 అక్టోబర్ నాటి సొలారిస్ 10తో వచ్చింది. మెటాఇనిట్‌లూ మెటారూట్‌లూ పోయి జెడ్‌పూల్ అటాచ్ అనే ఒక్క కమాండ్ మిగిలింది. మిగిలిందని అందరూ అనుకున్నారు గాని, రెండో డిస్క్ మీద బూట్ బ్లాక్ రాయడానికి స్పార్క్ మెషీన్లలో ఇన్‌స్టాల్‌బూట్, పీసీల్లో ఇన్‌స్టాల్‌గ్రబ్ అప్పటికీ చేత్తో కొట్టాల్సిందే.

ఇప్పుడు అద్దె సర్వర్ల కాలంలో చాలామంది అడ్మిన్లకి సిస్టమ్ డిస్క్ ఏ ఊళ్లో ఉందో కూడా తెలియదు. సొంత సర్వర్ల గదుల్లో మాత్రం జంట బతికే ఉంది, చిన్నదైపోయింది. డెల్ 2017 నుంచి బాస్ కార్డు అని అమ్ముతున్న దానిలో చిటికెన వేలంత ఎం.2 డిస్కులు రెండు, వాటిని మిర్రర్ చేసే చిప్ ఒకటి ఉంటాయి. పని ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపడమే. కార్డు కొనలేనివాళ్లకి బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ కొత్త తంటా తెచ్చింది. బూట్ ఫైళ్లు ఇప్పుడు ఫ్యాట్ పార్టిషన్‌లో ఉండాలి, దాన్ని ఫర్మ్‌వేర్ చదవడమే కాదు, రాయనూగలదు. మిర్రర్ సంగతి తెలియని ఫర్మ్‌వేర్ ఒక సగంలో ఏదైనా రాసిందంటే, అది సొలారిస్ సీడీ చేసిన అల్లరే.

వియన్నాలో తయారయ్యే ప్రాక్స్‌మాక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ అందుకే ఆ పార్టిషన్‌ని మిర్రర్ చేయడమే మానుకుంది. ప్రతి డిస్క్ మీదా విడిగా ఒక ఫ్యాట్ పార్టిషన్ పెట్టి, కెర్నెల్ మారినప్పుడల్లా ప్రాక్స్‌మాక్స్ బూట్ టూల్‌తో అన్నిటికీ కాపీ చేస్తుంది. చచ్చిన డిస్క్ మార్చినప్పుడు అడ్మిన్ మూడు పనులు చేయాలి: పార్టిషన్ పట్టిక కాపీ, జెడ్‌పూల్ రీప్లేస్, కొత్త డిస్క్ మీది ఫ్యాట్ పార్టిషన్‌ని ఫార్మాట్ చేసి ఆ టూల్‌కి పరిచయం చేయడం. మొదటి రెండూ అయ్యేసరికే జెడ్‌పూల్ స్టేటస్ రెండు డిస్కుల పక్కనా ఆన్‌లైన్ అని చూపిస్తుంది. మూడోది అయిందో లేదో దానికి తెలియదు.